ఆదివారం స్లాబు

ఐదునూర్లు ముందే చేతిలో పెట్టింది హుసేనమ్మ.
"మేస్త్రీ, నాకు సిమెంటు భాష రాదు,
నువ్వు గోడతో మాట్లాడి చెప్పు" అనింది.
పదకొండేండ్లు మెస్సు నడిపి
దోసెపెనం సెగలో కూడబెట్టిన లెక్క ఆమెది.

బుగ్గవంకకు ఇవతల సందులో మూడో మిద్దె.
మామిడాకు పచ్చ రంగు, ఇంకా వాసన పోలే.
అమ్మేముందు ఎవురైనా రంగేస్తారు,
సంతకు తోలే ఎద్దు కొమ్ములకు వేసినట్టు.

బ్రోకరు ఓబుళపతి తాళాలు గలగలలాడిస్తా ముందర పోతాండాడు.
ప్లాను కాగితంలో రెండంతస్తులు.
కంటికి మూడు.
"ఇదేందన్నా?" అంటే
"పీనలైజేషన్ కింద అప్లై చేసినాంలే, రసీదుండాది" అన్నాడు.
రసీదు అడిగినందుకు. ఒప్పుకున్నందుకు కాదు.
ఆ తేడా నాకు తెలుసు, అతనికి తెలుసు.
హుసేనమ్మకు తెలీదనుకున్నాం ఇద్దరమూ.

కింద గది గోడ వేలితో కొట్టినా, గట్టిగానే పలికింది.
నడిమంతస్తులో బాత్రూము పక్క చెమ్మ,
అది ఎవురింట్లో అయినా ఉండేదే.
వదలాల్సిన జాగా వదల్లే,
కిటికీలోంచి చెయ్యి చాపితే పక్కింటి గోడ.
ఆడెవురో పప్పుకు తిరగబాత పెడితే
ఈడ మాకు ముగ్గురికీ తుమ్ములొచ్చినాయి.

పై మెట్లు ఎక్కుతాంటే
ఏడో మెట్టు కాడ బ్రోకరు తట్టుకున్నాడు,
ఆమె తట్టుకునింది.
నేను తట్టుకోలే.
ఆ మెట్టు మిగతావాటికన్నా అంగుళమెత్తు.
నా కాలు దానంతటదే అంగుళం ఎక్కువ లేచింది.

కంటికన్నా ముందు కాలికి గుర్తొచ్చింది.

శనివారం పొద్దుగూకినాక మొదలుపెట్టినాం.
మరుసటి దినం ఆదివారం, ఆఫీసు మూత.
రెండు ఫోకస్ లైట్లు, ఒక మిల్లరు, నలభైమంది కూలీలు.
పదహారు కమ్మీ పడాల్సిన చోట పన్నెండు.
అడిగినా. అడగలేదని అబద్ధం చెప్పను.
"ఇంట్లో ఉండేది నువ్వా, నేనా?" అన్నాడు ఓనరు.
ఇప్పుడు చూస్తే అతనూ లేడు.
తెల్లారుజామున అందరికీ పలావు పొట్లాలు తెప్పించినాడు.
తిన్నా.

పోసినాక మూడు వారాలు నీళ్లు తాగాల స్లాబు.
వీధిలోకి నీళ్లు కారితే
ఎవురన్నా తలెత్తి చూస్తారని
కట్టలు కట్టనియ్యలే, బిందెడు పోయనియ్యలే.
మే నెల. కడప ఎండ.
పన్నెండేండ్లయింది,
అది ఇంకా దప్పికతోనే ఉండాది.

"ఎట్లుండాది మేస్త్రీ?"

ఆమె వెనకాల నిలబడి ఓబుళపతి
జేబు మీద చెయ్యేసుకున్నాడు,
మెల్లగా రెండుసార్లు తట్టినాడు.
నా కొడుకు ఆటో కంతు గుర్తొచ్చింది,
గుర్తు రాలేదంటే అదీ అబద్ధమే.
దూరంగా పాలకొండల మీద ఎండ,
ఎవురి పర్మిషనూ అడగకుండా.

నీళ్ల ట్యాంకు వెనక్కి పిల్చుకపోయినా.
పూత పచ్చిగా ఉన్నప్పుడు ఒత్తిన మూడువేళ్ల గుర్తు,
రంగు ఆడిదాకా రాలే.
వేళ్లు పెట్టి చూపిద్దామంటే పట్టలే, లావైనాయి.
"ఇవి నావేనక్కా" అన్నా.

ఆమె తిట్టుంటే బాగుండు.
కరెంటు బిల్లు వెనకాల రాసుకునింది:
పదహారు, పన్నెండు, నీళ్లు లేవు.
ఐదునూర్లు తిరిగి ఇయ్యబోతే తీసుకోలే.
"ఇది చూసినందుకు.
కట్టినందుకు నీ లెక్క వేరే ఉండాది."
ఇంగ బ్రోకరు పక్కకు తిరిగి
"రెండంతస్తులకే ధర చెప్పు,
మూడోది దించే ఖర్చు అందులో కోసెయ్" అనింది.

ఎవురు దించాలో చెప్పలే.
నేనూ అడగలే.

దిగేటప్పుడు ఆమె ముందర, నేను వెనక.
చీకటి మెట్లు, బల్బు లేదు.
"ఏడో మెట్టు కాడ చూసుకోనక్కా," అన్నా,
"అది నాది."